గోకుడుకూ లెక్కుంది

పెద్దవాళ్లకు తల నుంచి పాదాల దాకా ఒక్కసారి పలచగా మందు రాయాలంటే 20 గ్రాములు పడుతుంది. దురద అని వెళ్తే మెడికల్ షాపులో చేతిలో పెట్టే చిన్న ట్యూబులో చాలాసార్లు ఉండేది 15 గ్రాములు. ఒళ్లంతా ఎగ్జిమా ఉన్న మనిషికి అది ఒక పూటకు కూడా చాలదు. మన పల్లెల్లో అదే ట్యూబు నెల రోజులు నడుస్తుంది, ఇంట్లో నలుగురూ దాన్నే పంచుకుంటారు.

ఆ 20 గ్రాముల లెక్క 1991లో లాంగ్, ఫిన్లే అనే బ్రిటన్ చర్మవైద్యులు తేల్చింది. ట్యూబును నొక్కి చూపుడు వేలి చివరి కణుపు గీత నుంచి వేలికొస దాకా మందు గీత పెడితే అది దాదాపు అర గ్రాము. దాన్ని వేలికొస కొలత అంటారు. వేళ్లతో సహా రెండు అరచేతులు కప్పినంత చోటుకు ఒక కొలత సరిపోతుంది. ముఖానికీ మెడకూ కలిపి రెండున్నర, ఛాతీ పొట్టలకు 7, వీపుకు పిరుదులతో కలిపి 7, ఒక్కో చేతికి 3, ఒక్కో హస్తానికి 1, ఒక్కో కాలికి 6, ఒక్కో పాదానికి 2. అన్నీ కూడితే 40 పైచిలుకు కొలతలు, 20 గ్రాములు. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకైతే ఒళ్లంతటికీ 18 కొలతలు, 9 గ్రాములు. రేపు ట్యూబు తీసినప్పుడు ఈ లెక్కతో ఒకసారి రాసి చూడండి. ఇన్నాళ్లూ మనం రాసింది మందు వాసన మాత్రమేనని అర్థమవుతుంది.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతంలో ఏళ్ల తరబడి గోక్కుంటున్నవారి కష్టంలో సగం ఈ కొలతల దగ్గరే ఉందని నా అభిప్రాయం. నాలుగు రోజులు రాసి ఆపాల్సిన గాటు మందును నాలుగు నెలలు రాస్తారు. వారానికి పావుకిలో పట్టించాల్సిన పూతను (మాయిశ్చరైజర్‌ను) వేలితో అద్ది వదిలేస్తారు. అసలు పట్టింది ఏ దురదో తేల్చుకోకుండానే ఈ రెండూ మొదలుపెడతారు.

ముందు ఆ చివరిది చూద్దాం. పల్లెలో చర్మం మీద లేచే దేనికైనా ఉన్న పేర్లు రెండే: గజ్జి, తామర. ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లినా, షాపు కౌంటరు ముందు నిలబడినా మన నోట వచ్చేవి అవే. లోపల జబ్బులు మాత్రం కనీసం నాలుగు రకాలు.

గజ్జి అంటే చర్మంలో బొరియ చేసుకునే కంటికి కనపడని పురుగు. రాత్రి పక్క ఎక్కాక దురద ఎక్కువవుతుంది. వేళ్ల సందులు, మణికట్టు, నడుము, మగవాళ్లలో మర్మాంగం దగ్గర పొక్కులు కనిపిస్తాయి. మొదటిసారి అంటుకున్నప్పుడు దురద బయటపడటానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అందుకే గురుకులం నుంచి సెలవులకు ఇంటికొచ్చిన పిల్లాడికి ముందు, ఇంట్లోవాళ్లకు నెల తర్వాత మొదలవుతుంది. 5 శాతం పర్మెత్రిన్ మందును మెడ నుంచి పాదాల దాకా రాత్రంతా ఉంచి పొద్దున కడిగేయాలి. ఇంట్లో అందరూ ఒకే రోజు రాయాలి, వారం తర్వాత మళ్లీ ఒకసారి రాయాలి. పురుగు చచ్చాక కూడా దురద రెండు నుంచి నాలుగు వారాలు మిగులుతుంది. మందు పనిచేయలేదనుకుని చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే.

అంచు ఎర్రగా లేచి, మధ్యలో మానుతూ, గుండ్రంగా పాకే మచ్చ బూజు జాతి జబ్బు. గజ్జల్లో, మొలతాడు కింద, నడుము చుట్టూ మొదలవుతుంది. అసలైన తామర ఇదే. పదేళ్లకు పైగా దేశమంతటా ఇది మొండిగా తయారైంది. మందులకు లొంగని ఆ కొత్త బూజుకు 2020లో శాస్త్రవేత్తలు ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. పేరులోనే మన దేశం ఉంది, గర్వపడాల్సిన విషయమేం కాదు.

మూడోది, దురదే లేని మచ్చ. చుట్టూ ఉన్న చర్మం కంటే పాలిపోయో, రాగిరంగులోనో ఉండి, గిచ్చినా వేడి తగిలినా తెలియకపోతే అది కుష్టు కావచ్చు. ప్రభుత్వ ఆసుపత్రిలో 6 నెలలో 12 నెలలో ఉచితంగా మందులిస్తారు, నయమవుతుంది. ఎగ్జిమా అనుకుని క్రీములు పూస్తూ కూర్చుంటే నరం పోతుంది.

నాలుగోదే ఎగ్జిమా. చిన్నపిల్లల్లో చెంపల మీద, కాస్త పెద్దయ్యాక మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక, మెడ మీద వస్తుంది. పొడిబారి, ఎర్రబడి, గోకితే రసి కారి, పాతబడితే చర్మం మందంగా నల్లబారిపోతుంది. వస్తుంది, తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. ఇంట్లో ఎవరికో ఉబ్బసమో, పొద్దున్నే తుమ్ములో ఉంటాయి. అంటువ్యాధి కాదు. పిల్లాణ్ణి బడిలో వేరే బెంచీ మీద కూర్చోబెట్టడం శుద్ధ తప్పు.

చర్మం పైపొర కణాలను పట్టి ఉంచే ఫిలాగ్రిన్ అనే ప్రొటీను ఉంది. దాని జన్యువులో లోపమున్నవాళ్లకు ఎగ్జిమా ముప్పు ఎక్కువని 2006లో స్కాట్లాండ్‌లోని డండీ విశ్వవిద్యాలయ బృందం బయటపెట్టింది. సున్నం రాలిన ఇటుక గోడలాగా తయారవుతుంది చర్మం. లోపలి తేమ బయటికి పోతుంది, బయటి దుమ్ము, సబ్బు, సూక్ష్మక్రిములు లోపలికి దిగుతాయి. ఎగ్జిమా మచ్చల మీద పరీక్ష చేస్తే దాదాపు 70 శాతం మందిలో స్టాఫిలోకాకస్ ఆరియస్ బాక్టీరియా దొరుకుతుంది. అది పుండును ఇంకా రేపుతుంది, మనం గోకుతాం, గోడ ఇంకాస్త రాలుతుంది. ‘రక్తం చెడింది’ అనే మాట తరతరాలుగా వింటున్నాం. చెడింది చర్మం పైపొర, దాని వెనకున్న రోగనిరోధక వ్యవస్థ తీరు.

ఎంతమందికి ఉంటుంది? పిల్లల్లో ఉబ్బసం, ఎలర్జీల మీద ప్రపంచవ్యాప్తంగా జరిగిన ఐసాక్ సర్వే మూడో దశలో 60 దేశాల్లోని 143 కేంద్రాల నుంచి 6–7 ఏళ్ల పిల్లలు 3,85,853 మంది వివరాలు సేకరించారు. అతి తక్కువగా కనిపించింది మన దేశంలోనే, జోధ్‌పూర్‌లో 0.9 శాతం. అతి ఎక్కువ ఈక్వెడార్‌లోని కీటోలో, 22.5 శాతం. మనకు తక్కువే కదా అని సంతోషపడేముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఇది పిల్లల లెక్క. మన ప్రాంతంలో నలభై దాటిన రైతుకూ, కూలీకీ వచ్చే ఎగ్జిమా ఇందులో లేదు.

పిల్లల విషయంలో ఒక మంచి అంకె కూడా ఉంది. చిన్నప్పుడు ఎగ్జిమా వచ్చినవారిని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాలన్నిటినీ 2016లో కలిపి చూస్తే, 8 ఏళ్లు గడిచేసరికి 80 శాతం మందిలో అది పోయింది. 20 ఏళ్ల తర్వాత కూడా మిగిలింది 5 శాతం లోపే.

ఇక పెద్దవాళ్ల సంగతి. చేను గట్టు మీద, రోడ్డు పక్కన, బడి ఆవరణలో, ఖాళీ ప్లాట్లలో తెల్లటి చిన్న పూలతో నవనవలాడే వయ్యారిభామ ఉంది చూశారా, కొందరు కాంగ్రెస్ గడ్డి అంటారు. మెట్ట ప్రాంతపు ఎగ్జిమాలో దీని వాటా గురించి మనం మాట్లాడుకోవాల్సినంత మాట్లాడుకోలేదు. ఇది అమెరికా ఖండపు మొక్క. మన దేశంలో 1955లో పూణేలో దీన్ని గుర్తించారు, దిగుమతి గోధుమలతో పాటు విత్తనం వచ్చిందంటారు. ఇవాళ దేశంలో దాదాపు 3.5 కోట్ల హెక్టార్లలో ఇది పరుచుకుందని అంచనా. ఒక్కో మొక్క పదివేల నుంచి పాతికవేల దాకా విత్తనాలు రాలుస్తుంది.

దీని ఆకుల మీది సన్నటి నూగులోనూ పూలలోనూ పార్థెనిన్ అనే రసాయనం ఉంటుంది. ఎండిన ఆకు పొడి గాలిలో కలిసి ఒంటి మీద పడుతుంది. అంటే మొక్కను ముట్టుకోనక్కర లేదు. ఏళ్ల తరబడి ఆ గాలిలో పనిచేశాక ఒకనాడు శరీరం దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది, అక్కణ్నుంచి రవ్వంత తగిలినా ఎగ్జిమా లేస్తుంది. పూణేలో ఇలా పడ్డ రోగుల గురించి లోంకర్, మిచెల్, కాల్నన్ 1974లో వివరంగా రాశారు. ఎక్కువగా మగవాళ్లకు, నడివయసు తర్వాత, పొలం పనుల్లో ఉన్నవారికి వస్తుంది. కనురెప్పలు ఉబ్బుతాయి, మెడ పక్కలు, మోచేతి మడతలు, మోకాలి వెనకలు మండుతాయి. మొదట్లో వానాకాలంలో మొదలై చలికాలానికి తగ్గుతుంది. కొన్నేళ్లకు ఏడాది పొడవునా ఉండిపోతుంది. నుదురు, చెవులు, చేతుల వెలుపలి వైపు నల్లబడి తోలులా మందమవుతాయి.

‘ఎండ పడట్లేదు’ అని చాలామంది అనుకునేది దీన్నే. తేడా పట్టుకోవడానికి ఒక గుర్తు ఉంది. వట్టి ఎండ వల్ల వచ్చే దద్దు గడ్డం కిందా, చెవుల వెనకా, పై కనురెప్పల మీదా రాదు, అక్కడ నీడ ఉంటుంది కాబట్టి. గాలిలో వచ్చే పొడికి నీడా ఎండా తేడా లేదు, ఆ మూడు చోట్లా పడుతుంది. ముఖం మీద దురదతో వెళ్లినప్పుడు ఈ మూడు చోట్లూ డాక్టరుకు చూపించండి.

తీవ్రంగా ఉన్నవారికి అజథయోప్రిన్ మాత్రలు పనిచేస్తాయని ఢిల్లీ ఎయిమ్స్ చర్మవైద్యులు చూపించారు. వాటితో పాటు రక్త పరీక్షలు క్రమం తప్పకూడదు. మాత్ర వేసుకుంటూ మళ్లీ వయ్యారిభామలోకే దిగితే మాత్రం ఫలితం సగమే. ఏటా ఆగస్టు 16 నుంచి 22 దాకా దేశమంతా వయ్యారిభామ నిర్మూలన వారం జరుపుతారు. ఫోటోలు దిగడానికి ఒట్టి చేతులతో పీకుతుంటారు, చూస్తే భయమేస్తుంది. పీకాల్సింది పూత రాకముందు, నేల తడిగా ఉన్నప్పుడు, చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ, నిండు చేతుల చొక్కాతో. ఎండు మొక్కను కాల్చకూడదు. ఇప్పటికే ఎగ్జిమా ఉన్న మనిషి ఆ పనికి పోనే పోకూడదు. పంట లేని చోట్ల 15–20 శాతం ఉప్పు నీళ్లు, అంటే పది లీటర్లకు కిలోన్నర నుంచి రెండు కిలోల ఉప్పు కలిపి, లేత మొక్కల మీద కొట్టినా మాడిపోతుంది. పంట భూమిలో కొట్టారో నేల పాడవుతుంది. 1984లో బెంగళూరులో వదిలిన మెక్సికో పెంకుపురుగు కూడా వానాకాలంలో ఆకులు తినేస్తుంది. చారలున్న ఆ చిన్న పురుగును చూసి మందు కొట్టి చంపకండి, అది మన పక్షమే.

పాలమూరుకు, అంటే మహబూబ్‌నగర్‌కు, ఇంకో ఎగ్జిమా ఉంది, అది వలసతో వస్తుంది. గుంపు మేస్త్రీ వెంట బొంబాయి, పూణే, హైదరాబాద్ వెళ్లి ఆనకట్టలూ అపార్ట్‌మెంట్లూ కట్టిన చేతులవి. తడి సిమెంటు క్షార గుణం పీహెచ్ 12కు పైనే. చర్మం సహజంగా 5కు అటూ ఇటూగా ఉంటుంది. ఆ మంట ఒక ఎత్తు. సిమెంటులో ఉండే ఆరో రకం క్రోమియం వల్ల వచ్చే ఎలర్జీ ఇంకో ఎత్తు. అది ఒకసారి పట్టుకుంటే పని మానేశాక కూడా చాలామందిలో పోదు. చెప్పుల తోలును పదును చేయడంలోనూ క్రోమియమే వాడతారు కాబట్టి చేతుల నుంచి పాదాలకు పాకుతుంది. డెన్మార్క్ 1983లోనే చట్టం చేసి సిమెంటులో ఈ క్రోమియాన్ని పది లక్షల్లో 2 పాళ్లకు పరిమితం చేసింది. ఐరోపా సమాఖ్య మొత్తం 2005 జనవరి నుంచి అదే హద్దు పెట్టుకుంది. చేసిందల్లా సిమెంటులో కాస్త ఫెర్రస్ సల్ఫేట్ కలపడం. ఇంత చవకైన ఉపాయం ఉందన్న సంగతి సిమెంటు ఫ్యాక్టరీలున్న మన వాడపల్లి, మట్టపల్లి వైపు కూడా జనానికి తెలియాలి. కూలీల వరకు చెప్పేదొకటే: గుడ్డ తొడుగు వేసుకుంటే లాభం లేదు సరికదా, తడిసిన సిమెంటును చేతికి అంటించి పెడుతుంది. మోచేతి దాకా వచ్చే రబ్బరు తొడుగు కావాలి, మధ్యాహ్నం అన్నానికి ముందు చేతులు కడగాలి, పని దిగాక నూనె కాదు, మందమైన పూత పెట్టాలి.

నీళ్ల మాట లేకుండా నల్లగొండలో ఏ జబ్బు గురించీ మాట్లాడలేం. ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండటం మేలు, వేరే నీళ్లు లేకుంటే 1.5 దాకా ఓర్చుకోవచ్చని భారత ప్రమాణాల సంస్థ చెబుతుంది. మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండి ఎముకలు వంచింది. ఆ చరిత్ర వల్ల ఒంటి మీద మచ్చ కనిపించినా ‘ఫ్లోరిన్ నీళ్లు’ అనేస్తాం. ఫ్లోరైడు పళ్లను, ఎముకలను పాడుచేస్తుంది. ఎగ్జిమా దాని పని కాదు.

నీటి కాఠిన్యం సంగతి వేరు. సబ్బు నురగ రాకుండా చేసే సున్నపు లవణాల కొలత అది. లీటరుకు 200 మిల్లీగ్రాములు మంచి హద్దు, 600 ఆఖరి హద్దు. తాగడానికి మిషన్ భగీరథ నీళ్లొచ్చినా స్నానానికి చాలా ఇళ్లలో ఇంకా బోరు నీళ్లే. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ ప్రాంతంలో 1998లో అచ్చయిన అధ్యయనంలో, నీళ్లు అతి కఠినంగా ఉన్నచోట ప్రాథమిక పాఠశాల పిల్లల్లో 17.3 శాతం మందికి ఆ ఏడాదిలో ఎగ్జిమా కనిపించింది. మెత్తటి నీళ్లున్నచోట 12 శాతమే. దీన్ని చూసి నీటిని మెత్తబరిచే యంత్రం కొనేద్దామనుకుంటే ఆగండి. 336 మంది పిల్లల ఇళ్లలో ఈ పరీక్ష చేశారు, ఫలితం 2011లో వచ్చింది. సగం మంది ఇళ్లలో 12 వారాలు యంత్రం పెట్టారు. జబ్బు తీవ్రత యంత్రమున్నవాళ్లలో 20 శాతం, లేనివాళ్లలో 22 శాతం తగ్గింది. అంటే యంత్రం చేసిందేమీ లేదు. ఆ డబ్బు పూతలకు పెట్టడం మంచిది.

కఠినమైన నీళ్లు చేసే అసలు చెరుపు సబ్బుతో కలిసినప్పుడు. సబ్బులోని రసాయనం కడిగినా పోకుండా చర్మానికి అంటుకుని ఉంటుంది. మామూలు సబ్బు పీహెచ్ 9–10. ఎగ్జిమా ఉన్నవాళ్లు సబ్బును చంకలకూ గజ్జలకూ పాదాలకూ పరిమితం చేసి, మిగతా ఒంటికి ఒట్టి గోరువెచ్చని నీళ్లు పోసుకుంటే చాలు. ఐదు నుంచి పది నిమిషాల స్నానం, పీచుతో రుద్దడం బంద్. వేపాకులు మరగబెట్టి పోస్తే చల్లగా ఉంటుందంటారు గానీ పచ్చి పుండు మీద అది మండిస్తుంది కూడా. బట్టలుతికే సబ్బు పొడి పోయేదాకా రెండుసార్లు జాడించడం ఏ ఖర్చూ లేని వైద్యం.

ఇప్పుడు పూతల లెక్క. బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శకాల ప్రకారం ఎగ్జిమా ఉన్న పిల్లలకు వారానికి 250 నుంచి 500 గ్రాముల పూత కావాలి. అంటే నెలకు కిలో నుంచి రెండు కిలోలు. మన దగ్గర వంద గ్రాముల డబ్బా రెండు నెలలు వస్తే ఇల్లాలు పొదుపరి అంటాం. ఇంత పూత అంటే ఖర్చు భయపెడుతుంది, కానీ ఖరీదైనదే పనిచేస్తుందన్నది భ్రమ. 2022లో అచ్చయిన పరీక్షలో 550 మంది పిల్లలను నాలుగు జట్లుగా చేసి లోషన్, క్రీమ్, జెల్, ఆయింట్‌మెంటు ఇచ్చి 16 వారాలు చూస్తే నాలుగూ ఒకేలా పనిచేశాయి. కాబట్టి రంగూ వాసనా లేనిది, కొనగలిగింది, పిల్లాడు రాయించుకునేది ఏదైనా మంచిదే. సాదా పెట్రోలియం జెల్లీ చాలు. మేలో 43 డిగ్రీల ఎండలో అది చెమటను బిగబట్టి పొక్కులు లేపుతుంది కాబట్టి అప్పుడు లోషన్, సంక్రాంతి చలిలో జెల్లీ. స్నానం చేసి ఒళ్లు అద్దుకున్న మూడు నిమిషాల్లో, తడి ఆరకముందే రాయాలి.

కొబ్బరి నూనె గురించి అడుగుతారు. ఫిలిప్పీన్స్‌లో 117 మంది పిల్లల మీద 8 వారాలు చూసి 2014లో ప్రచురించారు. పచ్చి కొబ్బరి నూనె రాసినవారిలో జబ్బు కొలమానం 68 శాతం తగ్గింది, మినరల్ ఆయిల్ రాసినవారిలో 38 శాతం. ఒక్క చిన్న పరీక్షే, అయినా మన ఇంట్లో ఉన్నదే కాబట్టి వాడుకోవచ్చు. పుట్టిన తొలి వారాల నుంచే పూత పూస్తే ఎగ్జిమా రాకుండా ఆపొచ్చా అని 1,394 మంది శిశువుల మీద చూశారు. రెండేళ్లకు పూత రాసినవారిలో 23 శాతానికి, రాయనివారిలో 25 శాతానికి వచ్చింది. దాదాపు తేడా లేదు. వచ్చినదాన్ని అదుపు చేయడానికే పూత.

స్టెరాయిడ్ క్రీముల దగ్గర మనం రెండు రకాలుగా పొరబడతాం. కొందరు పేరు వింటేనే పారిపోతారు, చాలామంది పేరు తెలియకుండానే ఏళ్ల తరబడి పూస్తారు. 1952లో సల్జ్‌బర్గర్, విట్టెన్ హైడ్రోకార్టిసోన్‌ను చర్మం మీద రాసి ఎగ్జిమా తగ్గించినప్పటి నుంచి దీన్ని మించిన చవక మందు రాలేదు. కానీ అన్ని స్టెరాయిడ్లూ ఒకటి కావు. క్లోబెటసాల్ బలం హైడ్రోకార్టిసోన్‌కు దాదాపు 600 రెట్లని చెబుతారు. దాన్ని వరుసగా రెండు వారాలు దాటి, వారానికి 50 గ్రాములు దాటి వాడకూడదు. రాసే చోటు కూడా లెక్కే. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ కొలిచి చూస్తే, ముంజేతి చర్మం ఒక వంతు మందు పీల్చుకుంటే నుదురు 6 వంతులు, దవడ 13 వంతులు, వృషణాల చర్మం 42 వంతులు పీల్చుకుంది. అరికాలు ఏడో వంతే. గజ్జల్లో తామరకు క్లోబెటసాల్ కలిపిన మూడు నాలుగు మందుల మిశ్రమ క్రీము రాస్తే ఏమవుతుందో ఈ 42 చెబుతుంది. రెండు రోజులు దురద మాయం, లోపల బూజు విస్తరిస్తూనే ఉంటుంది, నెలలు గడిచేసరికి తొడల మీద చారలు పడతాయి, చర్మం ఉల్లిపొరలా పలచబడుతుంది. ఆ చారలు ఇక పోవు.

2011లో అచ్చయిన అధ్యయనంలో, దేశంలోని 12 చర్మవైద్య కేంద్రాలకు ముఖం మీద చర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిని అడిగితే 433 మంది, అంటే 14.8 శాతం, ముఖానికి స్టెరాయిడ్ వాడుతున్నారు. వారిలో 257 మందికి సలహా ఇచ్చింది డాక్టరు కాదు. 2018 మార్చిలో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతలను చీటీ లేకుండా అమ్మరాదని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. కౌంటరు దగ్గర ఆ చీటీ అడిగేవాళ్లు ఎందరో మీకే తెలుసు. ‘ఒక సూది ఏస్తే తగ్గుద్ది’ అని వేయించుకునే ఇంజెక్షన్ కూడా చాలాసార్లు స్టెరాయిడే. దాని బలం దిగాక ఎగ్జిమా రెట్టింపుగా తిరగబడుతుంది.

సరిగా వాడితే? 207 మంది పిల్లల మీద జరిగి 2002లో అచ్చయిన పరీక్షలో, బలమైన స్టెరాయిడ్ 3 రోజులు రాసి మిగతా 4 రోజులు ఒట్టి పూత రాసినా, తేలికది 7 రోజులూ రాసినా ఫలితం ఒకటే. బలమైనది రోజుకు ఒక్కసారి రాస్తే చాలని 2022 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చింది. మాటిమాటికీ ఒకే చోట తిరగబెట్టేవారు, మచ్చ మానిపోయాక కూడా అదే చోట వారానికి రెండు రోజులు, ఉదాహరణకు బుధ, ఆదివారాలు, డాక్టరు చెప్పిన స్టెరాయిడ్ రాస్తుంటే తిరగబెట్టడం బాగా తగ్గుతుంది. ముఖానికి, మడతలకు తేలికపాటివో, టాక్రోలిమస్ లాంటి స్టెరాయిడ్ కానివో ఇస్తారు. సెటిరిజిన్ మాత్ర దద్దుర్లకు పనికొస్తుంది, ఎగ్జిమా దురద మీద దానికి పెద్దగా పట్టు లేదు.

పథ్యం గురించి ఒక్క మాట. వంకాయ, గోంగూర, గుడ్డు, చేప అన్నీ మాన్పించి పిల్లాణ్ణి పప్పుచారు అన్నం మీద పెంచిన ఇళ్లున్నాయి. తిన్న గంటా రెండు గంటల్లో దద్దుర్లు, వాంతి, పెదాలు వాయడం లాంటిది కనిపించిన ఒక్క పదార్థాన్నే డాక్టరు సలహాతో మానాలి. మిగతావన్నీ పెట్టండి, లేకపోతే ఎగ్జిమాతో పాటు రక్తహీనతా వస్తుంది.

జబ్బు తగ్గుతోందా లేదా అన్నది కూడా అంకెల్లో పట్టుకోవచ్చు. దానికి పోయెమ్ అనే ఏడు ప్రశ్నల పట్టిక ఉంది. గడిచిన ఏడు రోజుల్లో ఎన్ని రోజులు దురద పెట్టింది, ఎన్ని రాత్రులు నిద్ర చెడింది, ఎన్ని రోజులు రక్తం వచ్చింది, రసి కారింది, పగిలింది, పొట్టు రాలింది, గరుకుగా పొడిబారింది. ఒక్క రోజూ లేకుంటే 0, ఒకటి రెండు రోజులకు 1, మూడు నాలుగు రోజులకు 2, ఐదారు రోజులకు 3, రోజూ ఉంటే 4. మొత్తం 28కి. 7 దాకా తేలిక, 8–16 మధ్యస్థం, 17, ఆపైన తీవ్రం. ఆదివారం ఆదివారం క్యాలెండర్ మీద ఆ అంకె వేసి పెడితే, మందు మార్చాలో వద్దో డాక్టరుకు ఐదు నిమిషాల్లో తెలుస్తుంది. నాలుగు అంకెలు తగ్గితే నిజంగా తగ్గినట్టే. ఇక ఎగ్జిమా మీద ఉన్నట్టుండి జ్వరంతో పాటు గుంటలు పడ్డట్టు ఒకే సైజు పొక్కులు గుంపుగా లేస్తే అది హెర్పిస్ వైరస్ సోకడం కావచ్చు, ఆ రోజే ఆసుపత్రికి పోవాలి.

చూపించుకోవడానికి ఇప్పుడు హైదరాబాదే పోనక్కర లేదు. మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాల 2016లో, నల్లగొండ, సూర్యాపేటవి 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తివి 2022లో మొదలయ్యాయి, బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. వెళ్లేటప్పుడు ఇన్నాళ్లూ వాడిన ట్యూబులన్నీ, ఖాళీవైనా, సంచిలో వేసుకుని వెళ్లండి. వయ్యారిభామో సిమెంటో అనుమానం ఉంటే ప్యాచ్ పరీక్ష ఉందా, లేకుంటే ఎక్కడికి రాస్తారు అని అడగండి. మన దేశపు పరీక్ష పట్టీల్లో పార్థీనియమూ, క్రోమియం లవణమూ రెండూ ఉంటాయి. సోమవారం వీపుకు అతికిస్తే బుధవారం తీస్తారు, శుక్రవారం మళ్లీ చూస్తారు. ఆ వారమంతా వీపు తడపకూడదు, చెమట పట్టే పని చేయకూడదు, ముందు నుంచి స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే ఆ సంగతి చెప్పాలి. వలస కూలీకి అది వారం కూలి పోవడమే. పీర్ల పండుగకో దసరాకో ఊరొచ్చే తేదీ తెలిసినప్పుడే ఇంట్లోవాళ్లు ఆసుపత్రిలో ఆ సోమవారాన్ని అడిగి పెట్టుకుంటే, పండుగ సెలవుల్లోనే పరీక్ష అయిపోతుంది.